విద్వాంసుని వార్ధక్యము - రసికుల తీర్పు

కచేరీ ముగిసి జనము పందిరి విడిచి వచ్చు వేళ మన గోదావరి సీమలో ఒక వాదము తరచుగా వినవచ్చును. పాడినవారు వయసు మీరిన విద్వాంసులైనచో ఆ వాదము మరింత వేడెక్కును. "మునుపటి పాట కాదండీ" అని ఒకరందురు. "ఆ వయసులో అంత పాడుట చాలదా?" అని వేరొకరు సమాధానము చెప్పుదురు. "మనము వచ్చినది పాట వినుటకు గాని వయసు లెక్కించుటకు కాదు గదా!" అని మూడవవారు అడ్డు తగులుదురు. ఇల్లు చేరువరకును ఈ మాటలు తెగవు. మరునాడు కాఫీ హోటలులో మరల మొదలగును.

ఈ వాదము క్రొత్తది కాదు. అయినను గడచిన నూరేండ్లలో దీని స్వరూపము చాల మారినది. ఆ మార్పులో రేడియోకు గల పాలు తక్కువ కాదు. కావున ఈ విషయమును కొంచెము చరిత్ర దృష్టితో పరిశీలించుట మా వంటివారికి విధియని తోచినది.

త్యాగరాజస్వామి 1767లో జన్మించి 1847లో సిద్ధి పొందిరి. ముప్పది యేండ్ల వయసున ఆయన గాత్రమెట్లుండెనో, డెబ్బది దాటిన పిమ్మట ఎట్లుండెనో పోల్చి చూచుటకు మనకు సాధనమేదియు లేదు. మనకు దక్కినవి కృతులు, వానిని మోసికొని వచ్చిన శిష్యపరంపర. స్వామి శిష్యులు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారు. వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. శాస్త్రిగారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. ఇట్లు విద్య గొంతు నుండి గొంతునకు నడచి వచ్చినది. గురువు గాత్రము సన్నగిల్లు వేళకు శిష్యుని గాత్రము సిద్ధముగా నుండెడిది. కచేరీలో వెనుక కూర్చున్న శిష్యుడు పైస్థాయి సంగతులను అందుకొనుట మన సంప్రదాయములో ఉన్నదే. గురువు ఎత్తుకొనును, శిష్యుడు పూర్తి చేయును. వినువారికి అది లోపముగా తోచదు. ఇక పాత పాటతో పోల్చి చూతమన్నచో శ్రోతకు జ్ఞాపకము తప్ప వేరు ఆధారము లేకుండెను. జ్ఞాపకము దయగలది. అది కొంత మరచును, కొంత తానే కలుపును.

నాటకరంగమున పరిస్థితి ఇంత మృదువుగా లేదు. రాజమహేంద్రవరమున 1880లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ నాటకమును ప్రదర్శింపజేసిరి. తరువాత చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి గయోపాఖ్యానము ఆంధ్రదేశమంతట పేరు గాంచెను. బాల్యమున టంగుటూరి ప్రకాశము పంతులుగారు కూడ రాజమహేంద్రవరపు రంగస్థలముపై వేషములు కట్టినవారే. క్రమముగా పద్యనాటకము డెల్టా గ్రామములన్నిటను వ్యాపించెను. మైకులు లేని ఆ దినములలో చివరి వరుసవానికి సైతము వినబడునట్లు తెల్లవారువరకు పద్యములు పాడవలసి యుండెను. పద్యము చివర రాగమును ఎంత సాగదీసిన అంత మెప్పు. "వన్స్ మోర్" అను కేక లేచినచో చచ్చి పడియున్న పాత్రయైనను లేచి మరల పాడి, ఆపైన చావవలసినదే! ఆ కేకలు వేసినవారే పది పదునైదేండ్ల పిమ్మట "పాపము, గొంతు పోయినది" అని పెదవి విరిచెడివారు. ఆ గొంతు అరిగిపోవుటలో తమ కేకలకు గల పాలును వారు తలచుకొన్నట్లు కనబడదు.

తరువాత యంత్రము వచ్చినది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గానమును గ్రామఫోను కంపెనీవారు రికార్డు చేసిరి. మన దేశమున గాత్రము మనిషిని విడిచి వేరుగా నిలుచుట అప్పుడే ఆరంభమైనదని చెప్పవచ్చును. ఆ కాలపు రికార్డు ఒక ప్రక్కకు మూడు, మూడున్నర నిమిషములు మాత్రమే పాడెడిది. 1938 జూన్ 16వ తేదీన మద్రాసు రేడియో కేంద్రమును, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రమును ప్రసారములు ప్రారంభించినవి. 1952 జూలైలో ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమము మొదలైనది. టేపు వచ్చిన పిమ్మట కచేరీ యంతటిని భద్రపరచుట సాధ్యమాయెను.

దీనివలన కలిగిన మేలు చెప్పనలవి కానిది. సభకు పోలేని గృహిణి, పొలము విడిచి రాలేని రైతు, మంచము పట్టిన వృద్ధుడు మహావిద్వాంసుల గానమును ఇంట కూర్చుండి వినగలిగిరి. కాని మేలుతోపాటు ఒక చిక్కు కూడ వచ్చినది. మనిషికి ఏటేట వయసు వచ్చును, టేపునకు రాదు. ఉదయము ముప్పది యేండ్ల గాత్రమును రేడియోలో విని, సాయంకాలము ఎనుబది యేండ్ల గాత్రమును సభలో వినెడి శ్రోత ఆ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడక మానడు. వృద్ధ విద్వాంసునకు తన పాత రికార్డే గట్టి పోటీదారు అయినది.

ఇందుకు మన సీమలో పుట్టిన ఉదాహరణము మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. వారు 1930 జూలై 6వ తేదీన కోనసీమలోని శంకరగుప్తమున జన్మించిరి. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణుగాన విద్వాంసులు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణ వాయించెడివారు. తల్లి శైశవముననే గతించెను. పైన చెప్పిన పారుపల్లివారే ఈ బాలునికి గురువులైరి. ఎనిమిదేండ్ల ప్రాయమున విజయవాడలో త్యాగరాజ ఆరాధన సందర్భమున ఈయన చేసిన కచేరీ పెద్దలను అబ్బురపరచెను. మురళీకృష్ణ యను పేరునకు ముందు "బాల" యను మాట చేర్చినవారు హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు. ఆ మాట ఎనుబదియారేండ్ల వరకును ఆ పేరును విడువలేదు.

కౌమారము దాటకమునుపే డెబ్బదిరెండు మేళకర్తలలోను ఈయన కృతులు రచించిరి. అవి 1952లో "జనకరాగమంజరి" పేర వెలువడినవి. విజయవాడ కేంద్రమున "భక్తిరంజని" కార్యక్రమమునకు ప్రాణము పోసినవారిలో ఈయన ముఖ్యులు. ఆంధ్రదేశమున పెక్కు ఇండ్లలో ఆ గొంతుతోనే తెల్లవారెడిది. వయొలిన్, వయోలా, మృదంగము, కంజిర వాద్యములందును ఈయనకు ప్రవేశము కలదు. నాలుగు స్వరములతోనే మహతి, లవంగి, సుముఖము వంటి రాగములను కల్పించిరి. 1971లో పద్మశ్రీ, 1978లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదము, 1991లో పద్మవిభూషణము, 2005లో ఫ్రెంచి ప్రభుత్వము వారి షెవాలియర్ గౌరవము లభించినవి. ఎనుబది దాటిన పిమ్మటను వేదిక నెక్కుచునే యుండి, 2016 నవంబరు 22వ తేదీన చెన్నైలో పరమపదించిరి.

ఆ చివరి దశాబ్దములలోని కచేరీలను గూర్చి రసికులు రెండు పక్షములైరి. మూడు స్థాయిలలో నిరాయాసముగ సంచరించిన గాత్రమును ఎరిగినవారు తారస్థాయి తగ్గినదనిరి, ఊపిరి చాలకున్నదనిరి, పెద్ద రాగమును విస్తరించుటకు మారుగా చిన్న కీర్తనలతోను తిల్లానాలతోను కాలము గడుపుచున్నారనిరి. రెండవ పక్షమువారు మంద్రస్థాయిలోని నిండుదనమును, పలుకు స్పష్టతను, అప్పటికప్పుడు పుట్టెడి కల్పనను చూపి, "ఇది మరి యెవరికి కలదు?" అని అడిగిరి. మా దృష్టిలో ఈ రెండు పక్షములును సత్యమునే చెప్పినవి. మొదటి పక్షము దేహమును గూర్చియు, రెండవ పక్షము విద్యను గూర్చియు చెప్పినవి.

దేహము సంగతి వైద్యశాస్త్రము స్పష్టముగనే చెప్పుచున్నది. వయసు ముదిరిన కొలది స్వరపేటికలోని మృదులాస్థులు గట్టిపడును. స్వరతంత్రులలోని కండ పలుచనై అవి పూర్తిగ కలియవు. కావున గాలి వృథాగ పోయి గాత్రము జీరవోవును. ఎదురురొమ్ము బిగిసి ఊపిరితిత్తుల పట్టు తగ్గును. దీర్ఘమైన సంగతి ఒక్క ఊపిరిలో అందదు. అందుచేతనే పెద్దవారైన గాయకులు శ్రుతిని కొంత దింపుకొందురు. సాధన ఈ మార్పులను ఆలస్యము చేయగలదు గాని ఆపజాలదు. ఇది సోమరితనము కాదు, అహంకారము కాదు, ప్రకృతి.

వాద్యము పట్టినవారికి కొంత వెసులుబాటు కలదు. పారుపల్లివారి శిష్యులే అయిన అన్నవరపు రామస్వామిగారు 1926లో ఏలూరు సమీపమున సోమవరప్పాడున జన్మించిరి. 1948 మొదలు 1986 వరకు విజయవాడ కేంద్రమున వయొలిన్ విద్వాంసులుగ పనిచేసిరి. వీరికి పద్మశ్రీ పురస్కారము 2021లో, తొంబది దాటిన పిమ్మట లభించినది. తీగకు వయసు రాదు, తెగినచో మార్చుకొనవచ్చును. కాని చేతికి వయసు వచ్చును. పాశ్చాత్య దేశములలో రాక్ సంగీతమున విద్యుత్ గిటారు వాయించి జగద్విఖ్యాతులైన ఎరిక్ క్లాప్టన్ 1945లో జన్మించిరి. నరములకు సంబంధించిన వ్యాధిచే వాద్యము వాయించుట కష్టమగుచున్నదని 2016లో వారే వెల్లడించిరి. అరువదియేండ్ల క్రిందటి ఏ రికార్డులు ఆయనకు కీర్తి తెచ్చినవో, ఆ రికార్డులే నేడు ఆయన వ్రేళ్లకు కొలబద్దలైనవి.

ఈ కొలబద్దను తెలివిగ తప్పించుకొన్నవారును కలరు. పియానో విద్వాంసులు ఆర్థర్ రూబిన్‌స్టీన్ ఎనుబది యేండ్ల వయసున గూడ అంత చక్కగా ఎట్లు వాయింపగలిగిరో జర్మను మనశ్శాస్త్రవేత్త పాల్ బాల్టెస్ వివరించెను. రూబిన్‌స్టీన్ వాయించు రచనల సంఖ్య తగ్గించుకొనిరి. ఆ కొద్దిపాటి రచనలనే ఎక్కువగా సాధన చేసిరి. వేగముగల భాగమునకు ముందు భాగమును కొంచెము నెమ్మదిగ వాయించి, ఆ పిమ్మటి వేగము హెచ్చుగ తోచునట్లు చేసిరి. మన పెద్ద విద్వాంసులు చిన్న కీర్తనలను ఎంచుకొనుట, విలంబమున నిలుచుట, మంద్రస్థాయిని ఆశ్రయించుట ఇట్టిదే. తొందరపడి దానిని లోపమనువారు అందలి వివేకమును గమనింపవలెను.

ఇక్కడ మరియొక గోదావరి బిడ్డను తలచుకొనక తప్పదు. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28వ తేదీన పాలకొల్లులో జన్మించెను. కర్ణాటక సంగీతమునకు పొత్తు లేని మాండలిన్ వాద్యమును చేపట్టి, దానికి అయిదు ఒంటి తీగలు బిగించి, విద్యుత్తును జోడించి, గమకములు పలికించెను. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసెను. 2014 సెప్టెంబరు 19వ తేదీన, నలుబదియైదవ యేటనే చెన్నైలో కన్నుమూసెను. ఆయన వ్రేళ్లు మందగించినవని ఎవరును అనలేదు. అనుటకు కాలము వ్యవధి ఈయలేదు. ఆయన రికార్డులన్నియు యౌవనములోనివే. అరువదవ యేట ఆ మాండలిన్ ఏ రాగమును ఎంత నెమ్మదిగ పలికి యుండెడిదో మనకిక తెలియదు. వృద్ధ విద్వాంసుని కచేరీలో విసుగు కలిగినప్పుడు ఈ నష్టమును ఒక్కసారి గుర్తు చేసికొనుట మంచిది.

అట్లని పెద్దవారు ఎట్లు పాడినను మెచ్చుకొనవలెనని మా అభిప్రాయము కాదు. అనవసరపు పొగడ్త కూడ అపకారమే. శ్రోత వెల యిచ్చి, ప్రొద్దు వెచ్చించి వచ్చినవాడు. సత్యము చెప్పుటకు అతనికి హక్కు కలదు. కాని కొలత సరియైనదిగ నుండవలెను. వేగము తగ్గుట, పైస్థాయి అందకుండుట, ఊపిరి తెగుట - ఇవి వయసు ఖాతాలో వ్రాయదగినవి. శ్రుతి తప్పుట, లయ జారుట, రాగము రూపు చెడుట - ఇవి సంగీతము ఖాతాలోనివి. మొదటివి ఎన్ని తగ్గినను రెండవవి నిలిచియున్నంతవరకు ఆ విద్వాంసునికి వేదికపై చోటు కలదు. రెండవవి పోయిననాడు గౌరవముగ విశ్రమింపుమని చెప్పువారు ఆప్తులలో ఒకరైనను ఉండవలెను.

సభలు నడుపువారికి కూడ ఇందు బాధ్యత కలదు. పేరు కొరకు ఎనుబదియేండ్ల వారిని పిలిచి, రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట మూడు గంటలు కూర్చుండబెట్టుట ధర్మము కాదు. ఉదయవేళ, చిన్న సభలో, గంటసేపు, ప్రక్కన మంచి శిష్యునితో పాడింపవచ్చును. మైకు ఉన్నది గావున బలము కొరకు గొంతు చించుకొననక్కరలేదు.

రేడియోవారమైన మా వంతు కూడ చెప్పవలెను. పాత టేపును వినిపించునప్పుడు అది ఏ సంవత్సరపు గానమో తప్పక ప్రకటింపవలెను; అప్పుడే శ్రోత పోలిక న్యాయముగ నుండును. విద్వాంసుల మధ్యవయసు గానమును మాత్రమే కాక, వార్ధక్యపు గానమును గూడ అంతే శ్రద్ధతో భద్రపరుపవలెను. బాలమురళిగారి ముప్పదవ యేటి పాటను, ఎనుబదవ యేటి పాటను వరుసగ వినగలిగిన విద్యార్థికి ఒక జీవితకాలమున విద్య ఎట్లు మారునో తెలియును. గొంతు పోయిన చోట ఏమి నిలిచెనో కూడ తెలియును. త్యాగరాజస్వామి కాలమువారికి లేని భాగ్యము అది. దానిని తగవులాడుటకే వాడుకొనుట మనకు తగదు.