ఒరూనోకో

ఆంగ్ల నవల తొలి అడుగుల్లో ఒకటైన ఈ చిన్న గ్రంథాన్ని అఫ్రా బెన్ 1688లో ప్రచురించింది. కలాన్నే జీవనాధారం చేసుకున్న తొలి ఆంగ్ల రచయిత్రులలో ఆమె ఒకరు. మరుసటి ఏడే మరణించింది.

కథానాయకుడు ఆఫ్రికా రాకుమారుడు. విందుకని పిలిచిన ఓడ కెప్టెన్ అతన్ని బంధించి, అప్పటి ఆంగ్ల వలస సురినామ్‌లో అమ్మేస్తాడు. అక్కడ తోటి బానిసలను కూడగట్టి తిరగబడతాడు. క్షమిస్తామన్న దొరల మాట నమ్మి లొంగితే కొరడా దెబ్బలు పడతాయి. తన తర్వాత ఆమె శత్రువుల చేతికి చిక్కకూడదని గర్భవతియైన భార్య ఇమొయిండాను తానే చంపుతాడు. చివరికి అతన్ని ముక్కలుగా నరికేస్తారు.

మనకు హరిశ్చంద్రుడి కథ తెలుసు. మాట కోసం ఆయన తనను తానే అమ్ముకున్నాడు. ఒరూనోకో ఎదుటివారి మాట నమ్మి అమ్ముడుపోయాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఈ నవలలో పరువంటే ఏమిటో తేటపడుతుంది. ఒక్క లోపం మాత్రం దాచకూడదు: ఒరూనోకో కూడా యుద్ధఖైదీలను అమ్మినవాడే. రచయిత్రి జాలి రాచబిడ్డ మీద ఉన్నంతగా మామూలు బానిసల మీద లేదు.

చిత్తూరు ప్రాంత విద్యార్థికి ఇది దూరదేశపు కథ కాదు. బ్రిటన్ 1833లో బానిసత్వ రద్దు చట్టం చేశాక, చెరకు తోటలకు ఒప్పంద కూలీలు కావలసివచ్చారు. 1860లో మద్రాసు నుంచి అలాంటి కూలీలతో ‘ట్రూరో’ ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లింది. అప్పట్లో చిత్తూరు కేంద్రంగా ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి ఎందరో ఇలా ఐదేళ్ల ఒప్పందంపై సముద్రం దాటారు. చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే నేటాల్‌కు ఆ వలస ఆగింది.