గారెలకు ఏ మక్క?

మాది కరీంనగర్ దిక్కు పల్లె. మృగశిర వానలకు విత్తిన మక్క వినాయక చవితి దగ్గరపడే సరికి పాలు పోసుకునేది. పొత్తి ఒలిచి గింజ మీద గోరు దించితే పాలు చిమ్మిన కంకి కాల్చుకోవడానికి. పాలు చిక్కబడి గోటికి పిండిలా అంటుకున్నది గారెలకు. అమ్మ గోటితోనే తేల్చేసేది. పచ్చిమిర్చి, ఎల్లిపాయ, జీలకర్ర, ఉప్పు వేసి గింజల్ని రోట్లో కచ్చాపచ్చాగా నూరి, ఉల్లిగడ్డ, కొత్తిమీర కలిపి, నీటిచుక్క తగలనీయకుండా ఆకు మీద తట్టి నూనెలో వదిలేది. ముదిరిన గింజలు విసిరి గట్క వండేవాళ్లు. వరి పారని చేలున్న ఇళ్లల్లో ఏడాది పొడుగునా అదే కడుపు నింపింది.

మెక్సికోలో దాదాపు 9,000 ఏళ్ల కిందట సాగుకొచ్చిన పంట ఇది. పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట. మన ఊళ్లలో దాని రాత మార్చింది మాత్రం హైదరాబాదే. దేశంలో ఒక పంట కోసం అన్ని రాష్ట్రాల పరిశోధనను ఒక్కచోటికి తెచ్చిన మొదటి పథకం 1957లో మక్కకే పెట్టారు. 1961లో గంగ-1, గంగ-101, రంజిత్, డెక్కన్ అనే హైబ్రిడ్లు వచ్చాయి. డెక్కన్ మన అంబర్‌పేట క్షేత్రంలో పుట్టింది. దిగుబడి పెరిగింది, మక్క కోళ్ల దాణాకు, గంజి ఫ్యాక్టరీలకు పోయింది, పళ్లెంలోకి గట్క బదులు బియ్యం వచ్చింది. ఆ మార్పును నేను తప్పుపట్టను; రైతు చేతికి నాలుగు డబ్బులు వచ్చింది అప్పుడే.

స్వీట్‌కార్న్ కూడా పూర్తిగా పరాయిది కాదు. మాధురి, ప్రియ రకాలు హైదరాబాద్ శాస్త్రవేత్తలవే. దాని గింజలో చక్కెర త్వరగా గంజిగా మారదు, తీపి అందుకే. పక్క చేని మామూలు మక్క పుప్పొడి సోకితే ఆ పంటలోనే గింజ చప్పబడిపోతుంది. అందుకే దూరంగానో, పూతలు కలవకుండా వెనకాముందుగానో విత్తాలి. ఉడకబెట్టుకుని తినడానికి దానికి సాటి లేదు.

గారెలకు మాత్రం పనికిరాదు. గంజి తక్కువ, నీరు ఎక్కువ, నూనెలో విడిపోతుంది. శనగపిండి కలిపితే నిలుస్తుంది, కానీ అప్పుడు నోటికి తగిలేది శనగపిండే. అందుకే ప్రతి చవితికీ, కోళ్ల దాణా కోసం వేసిన చేనులోంచే, గింజ గట్టిపడకముందు ఒక సంచెడు కంకులు విరిచి బస్సులో పంపమని మా తమ్ముడికి ఫోన్ చేస్తాను.