చెరువు లెక్క ఊరి చేతిలో

మా యారాడకి మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. కొండ మీద కురిసిన వాన నిలవదు. గెడ్డలు పట్టుకుని సముద్రంలో కలిసిపోతుంది. ఈ ఊరివాణ్ణి కాబట్టి, వాన నీటిని పూర్వం ఊళ్లు ఎలా నిలబెట్టుకున్నాయో తెలుసుకోవాలని నాకు పట్టుదల.

చెరువులు కట్టించింది రాజులూ, ధనవంతులూ. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు పనికి రోజుకు వెయ్యి మంది చొప్పున రెండేళ్లు పనిచేశారని అక్కడి 1369 నాటి శాసనం చెబుతోంది. కానీ కట్టిన చెరువును కాపాడింది ఊరే. వేసవిలో కాలువల పూడిక తీయడం, గట్టుకి మట్టి వేయడం, తూము చూసుకోవడం రైతుల వంతు. దాన్నే కుడిమరమ్మతు అన్నారు. ఎవరి వంతు ఎంతో ఊరే తేల్చుకునేది.

1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. గట్టు తెగే ప్రమాదముంటే అధికారులు జనాన్ని పనికి పిలవచ్చు. వాడుక ప్రకారం చేయాల్సిన పని చేయనివారి నుంచి డబ్బు వసూలు చేయొచ్చు. ఊరి కట్టుబాటు సర్కారు హుకుం అయింది. చెమట ఊరిది, మాట మరొకరిది. అలాంటి పని ఎన్నాళ్లు నిలుస్తుంది?

వాన నీటిని ఎక్కడికక్కడ నిలిపే వాటర్‌షెడ్ పనులకు హనుమంతరావు కమిటీ సిఫారసులతో 1995 నుంచి అమలైన మార్గదర్శకాలు ఊరి కమిటీలకు మళ్లీ చోటిచ్చాయి. అయినా చాలాచోట్ల నిధులు అయిపోగానే కమిటీలూ చెదిరిపోయాయి.

నాకు ధైర్యమిచ్చింది 2003లో అనంతపురం, ప్రకాశం, నల్గొండ వంటి 7 కరువు జిల్లాల్లో మొదలైన రైతుల భూగర్భ జల పథకం. అక్కడ రైతులు, ఆడవాళ్లతో సహా, జీతం లేకుండా రోజూ వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం చూసి ఊళ్లో బోర్డు మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరెంత, వేయబోయే పైర్లకు కావలసిందెంత అని లెక్క కట్టారు. ఫలానా పంటే వేయమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క కళ్లెదుట ఉంది గనక చాలామంది తామే వరి తగ్గించి, తక్కువ నీటితో పండే పైర్లకు మళ్లారు.

అందుకే మా యారాడ కుర్రాళ్లకి చెబుతున్నాను: కొండవాలున కందకాలు తవ్వండి, గెడ్డకి రాతికట్టు వేయండి, మంచిదే. అంతకన్నా ముందు బడి ఆవరణలో ఒక వర్షమాపకం పెట్టండి. నూతుల నీటిమట్టం నెలనెలా కొలిచి పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం ఊరి దగ్గరే ఉండాలి. లెక్క ఎవరిదో, నిర్ణయమూ వాళ్లదే అవుతుంది.