ప్రాణం కోసం ఆడవేషం.. 1959 నాటి ‘సమ్ లైక్ ఇట్ హాట్’ ఇప్పటికీ ఎందుకు నవ్విస్తోంది?

హీరో ఆడవేషం కట్టడం మన ప్రేక్షకులకు కొత్తేం కాదు. ‘మేడమ్’లో రాజేంద్రప్రసాద్, ‘చిత్రం భళారే విచిత్రం’లో నరేష్, ‘భామనే సత్యభామనే’లో కమల్ హాసన్.. టీవీలో ఎప్పుడొచ్చినా ఛానల్ మార్చకుండా చూసేస్తాం. అయితే ఇలాంటి కథల గురించి ప్రపంచంలో ఎక్కడ మాట్లాడినా ముందు వినిపించే పేరు ఒక బ్లాక్ అండ్ వైట్ హాలీవుడ్ సినిమాది. అదే బిల్లీ వైల్డర్ డైరెక్ట్ చేసిన ‘సమ్ లైక్ ఇట్ హాట్’. టోనీ కర్టిస్, జాక్ లెమన్, మార్లిన్ మన్రో ప్రధాన పాత్రలు.

అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2000లో ప్రకటించిన 100 ఉత్తమ అమెరికన్ కామెడీల లిస్ట్‌లో దీనిదే నంబర్ వన్ ప్లేస్. విశేషం ఏంటంటే, రెండో స్థానం కూడా ఆడవేషం సినిమాదే.. డస్టిన్ హాఫ్‌మన్ నటించిన ‘టూట్సీ’. 2017లో ప్రపంచవ్యాప్తంగా క్రిటిక్స్‌తో బీబీసీ జరిపిన పోల్‌లోనూ బెస్ట్ కామెడీగా ఈ సినిమానే నిలిచింది.

అసలు కథేంటి?

1929, షికాగో. అమెరికాలో మద్య నిషేధం నడుస్తున్న రోజులు. సినిమా మొదలవ్వడమే శవపేటిక మోసుకెళ్తున్న బండిని పోలీసులు వెంటాడటంతో. పేటికలో ఉన్నది శవం కాదు, దొంగ సారా సీసాలు! జో, జెర్రీ చేతిలో చిల్లిగవ్వ లేని మ్యూజిషియన్లు. జో శాక్సఫోన్ వాయిస్తాడు, జెర్రీది పెద్ద బేస్ వాయిద్యం. ఖర్మ కాలి ఓ గ్యారేజీలో గ్యాంగ్‌స్టర్లు చేసిన సామూహిక హత్యల్ని కళ్లారా చూస్తారు. ఇది 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఏడుగురిని కాల్చి చంపిన నిజ ఘటన ఆధారంగా రాసుకున్న సీన్. ఇక ఊళ్లో ఉంటే చావే. అందుకే జోసఫీన్, డాఫ్నీ అని పేర్లు మార్చుకుని, గౌన్లు, విగ్గులు తగిలించుకుని, ఫ్లోరిడా వెళ్తున్న ఆడవాళ్ల బ్యాండ్‌లో చేరిపోతారు. ఆ బ్యాండ్‌లో సింగర్ షుగర్. ఆ పాత్రే మార్లిన్ మన్రో.

కామెడీ సినిమాలో హత్యలేంటి, జనం ఒప్పుకోరు అని ‘గాన్ విత్ ద విండ్’ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ముందే హెచ్చరించారట. వైల్డర్ వినలేదు. నిజానికి ఆ తుపాకులే ఈ కథకు ప్రాణం. ఆడవేషం సరదాకి కట్టింది కాదు, తీసేస్తే చచ్చిపోతారు. అందుకే విగ్గు కాస్త పక్కకి జరిగినా మనకు టెన్షన్, ఆ టెన్షన్‌లోంచే నవ్వు.

గిచ్చితే గానీ తెలియలేదు

మామూలుగా ఇలాంటి సినిమాల్లో ఆడవేషంలో ఉన్న మగాణ్ని చూసి నవ్వుకుంటాం. ఇందులో ఆ వేషంలోంచి లోకం ఎలా కనిపిస్తుందో కూడా చూపించారు. హైహీల్స్‌తో రైల్వే ప్లాట్‌ఫామ్ మీద నడవడమే జెర్రీకి నరకం. హోటల్ లిఫ్ట్‌లో ఓస్‌గుడ్ అనే ముసలి కోటీశ్వరుడు అతన్ని గిచ్చుతాడు. జెర్రీ రూమ్‌కొచ్చి రగిలిపోతాడు. నిన్నటిదాకా అమ్మాయిలని వేటలా చూసిన ఈ ఇద్దరికీ అవతలివైపు ఎలా ఉంటుందో తెలిసొచ్చేది అక్కడే. 1959లో ఓ కమర్షియల్ కామెడీ ఈ మాట అనడం చిన్న విషయం కాదు.

ఆ తర్వాత కథ ఇంకా విచిత్రంగా తిరుగుతుంది. జెర్రీకి డాఫ్నీగా ఉండటం నచ్చేస్తుంది! ఓస్‌గుడ్‌తో తెల్లవార్లూ టాంగో డ్యాన్స్ చేసి, పెళ్లి ఖాయమైందని ఎగిరి గంతేస్తూ రూమ్‌కి వస్తాడు. తను మగాణ్నని జో గుర్తు చేయాల్సి వస్తుంది. ఈ సీన్‌లో లెమన్ చేతికి వైల్డర్ రెండు మరాకస్ గిలకలు ఇచ్చారు. డైలాగ్‌కీ డైలాగ్‌కీ మధ్య వాటిని ఊపుతూ ఉంటే, థియేటర్‌లో నవ్వులు ఆగేదాకా టైమ్ దొరుకుతుందని ప్లాన్. లేకపోతే తర్వాతి జోక్ నవ్వుల్లో కొట్టుకుపోయేది.

జో సంగతి వేరే. జోసఫీన్‌గా షుగర్‌తో స్నేహం చేసి ఆమె మనసులో మాటలన్నీ లాగుతాడు. శాక్సఫోన్ వాయించే మగాళ్ల చేతిలో వరుసగా మోసపోయానని ఆమె చెప్పుకుంటుంది. మరి ఇతను చేసేదేంటి? అవే మాటలు వాడుకుని, ఆయిల్ కంపెనీ వారసుడిలా ఇంకో వేషం కట్టి ఆమెను పడేస్తాడు. చివర్లో పశ్చాత్తాపపడి, జోసఫీన్ గౌన్‌లోనే స్టేజ్ ఎక్కి అందరి ముందూ షుగర్‌కి ముద్దు పెట్టి నిజం బయటపెడతాడు. సీన్ అద్భుతమే. కానీ షుగర్ అంత తేలిగ్గా క్షమించడం మాత్రం ఈరోజు చూస్తే కాస్త గుచ్చుకుంటుంది. సినిమా అక్కడ ఆమె వైపు నుంచి ఒక్క ప్రశ్న కూడా అడగదు.

తెర వెనుక

అప్పట్లో మన్రో కాంట్రాక్ట్ ప్రకారం ఆమె సినిమాలు కలర్‌లో తీయాలి. కానీ టెస్ట్ షూట్‌లో కర్టిస్, లెమన్‌ల మేకప్ పచ్చగా కనిపించింది. దాంతో ఆమెను ఒప్పించి బ్లాక్ అండ్ వైట్‌కి వెళ్లారు. మేకప్ పాసైందో లేదో చూడటానికి హీరోలిద్దరూ స్టూడియోలోని లేడీస్ రూమ్‌లోకి వెళ్లి కూర్చుంటే ఎవరూ గుర్తుపట్టలేదని తర్వాత వాళ్లే చెప్పుకొచ్చారు. ఆడవాళ్లలా నడవడం నేర్పడానికి బార్బెట్ అనే సర్కస్ కళాకారుణ్ని పిలిపించారు. కర్టిస్ నేర్చుకున్నాడు. లెమన్ మాత్రం వద్దన్నాడు. జెర్రీ అంత బాగా నడిస్తే నవ్వు ఎక్కడిది అని అతని పాయింట్.

మన్రో మీద మాత్రం కథలే కథలు. లేటుగా వచ్చేదని, చిన్న డైలాగ్‌కీ డజన్ల కొద్దీ టేకులు తీసుకునేదని, డ్రాయర్లలో డైలాగులు రాసి పెట్టేవారని. ఇవి చెప్పేవాళ్లు తరచూ వదిలేసే విషయం ఒకటుంది. ఆ షూటింగ్ టైమ్‌లో ఆమె గర్భవతి, షూటింగ్ ముగిశాక గర్భస్రావమైంది. ఆ ఇబ్బంది ఏదీ తెరమీద కనిపించదు. ఈ పాత్రకే ఆమెకు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. ఆస్కార్‌లో సినిమాకు ఆరు నామినేషన్లు వస్తే, దక్కింది ఒక్కటే.. కాస్ట్యూమ్స్‌కి. గౌన్లదే గెలుపన్నమాట!

సెన్సార్ ముద్ర లేకుండానే

అప్పట్లో హాలీవుడ్‌లో ‘ప్రొడక్షన్ కోడ్’ అనే సొంత సెన్సార్ ఉండేది. ఆ ఆమోద ముద్ర లేకుండానే ఈ సినిమా రిలీజైంది, పైగా సూపర్ హిట్ కొట్టింది. ముద్ర లేకపోయినా జనం థియేటర్‌కి వస్తారని తేలడంతో ఆ కోడ్ పట్టు ఇంకా సడలింది. 1968లో దాన్ని పక్కనపెట్టి రేటింగ్ పద్ధతి తెచ్చారు.

క్లైమాక్స్ తెలియకూడదు అనుకునేవాళ్లు ఈ పేరా దాటేయండి. బోటులో డాఫ్నీ పెళ్లి తప్పించుకోవడానికి ఒక్కో సాకు చెబుతుంది. సిగరెట్లు తాగుతాను, పిల్లలు పుట్టరు.. ఓస్‌గుడ్ అన్నిటికీ ఓకే అంటాడు. విసిగిపోయిన జెర్రీ విగ్గు పీకేసి నేను మగాణ్ని అంటాడు. ముసలాయన మొహంలో నవ్వు చెదరదు, లోపం లేని మనిషెవరు అన్నట్టు ఓ చిన్న మాట అంటాడు. సినిమా అక్కడితో అయిపోతుంది. ఆ డైలాగ్‌ని వైల్డర్, సహ రచయిత డైమండ్ ‘ఇంకా మంచిది దొరికేదాకా ఉంచుదాం’ అని తాత్కాలికంగా రాసుకున్నారు. ఇంకోటి దొరకలేదు.

ఈ కథ కూడా వైల్డర్ సొంతం కాదు, 1935 నాటి ఓ ఫ్రెంచ్ సినిమా నుంచి వచ్చింది. 1975లో హిందీలో రిషి కపూర్, పెయింటల్‌లతో ‘రఫూ చక్కర్’ అయింది. 2022లో బ్రాడ్‌వే మ్యూజికల్‌గా వచ్చింది. అందులో డాఫ్నీకి అది వేషం కాదు, తనలో ఎప్పటినుంచో ఉన్న మనిషి. ఆ పాత్ర వేసిన జె. హారిసన్ గీ తాను స్త్రీ, పురుష గుర్తింపుల్లో ఇమడనని బహిరంగంగా చెప్పిన ఆర్టిస్ట్, 2023లో ఉత్తమ నటనకు టోనీ అవార్డు అందుకున్నారు.