తెరమీది కనికట్టు: వీడియో గేమ్ గ్రాఫిక్స్ గతం

వీడియో గేమ్‌లో తెరమీదకు వచ్చే ప్రతి బొమ్మకూ గడువు ఉంటుంది. సెకనుకు 60 బొమ్మలు చూపే ఆటలో ఒక్కోదానికి దక్కే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లు. యానిమేషన్ సినిమాలో ఒక్క ఫ్రేము కోసం కంప్యూటర్లు గంటల తరబడి లెక్కలు కట్టినా అడిగేవారు లేరు. ప్రేక్షకుడు ఏది చూడాలో దర్శకుడు ముందే తేల్చి ఉంటాడు. ఆటగాడి సంగతి అలా కాదు. అతను ఎప్పుడు ఎటు తిరుగుతాడో ఎవరికీ తెలియదు, తిరిగిన వైపు ఏముందో అప్పటికప్పుడు గీసి చూపాలి. అందుకే గేమ్ గ్రాఫిక్స్ చరిత్రను యంత్రాల బలం పెరుగుతూ వచ్చిన కథగా మాత్రమే చెబితే సగమే చెప్పినట్టవుతుంది. ఆటగాళ్లు నోరెళ్లబెట్టి చూసిన దృశ్యాలు చాలావరకు, చేయాల్సిన లెక్కను ఎలా తప్పించుకోవాలో తెలిసినవాళ్ల చేతిలోంచి వచ్చినవే.

1962లో అమెరికాలోని ఎంఐటీలో స్టీవ్ రసెల్, అతని మిత్రులు పీడీపీ-1 కంప్యూటర్ మీద తయారుచేసిన ‘స్పేస్‌వార్!’లో రెండు అంతరిక్ష నౌకలు ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి. వెనకాల ఆకాశంలో మొదట నక్షత్రాలను ఇష్టం వచ్చినట్టు చల్లారు. పీటర్ శామ్సన్‌కు అది నచ్చలేదు. అసలు ఆకాశ పటం ప్రకారం, కాంతిలో తేడాలతో సహా నక్షత్రాలు కనిపించేలా వేరే ప్రోగ్రామ్ రాసి ఆటలో చేర్చాడు. గెలుపోటములకు దానితో పనిలేదు. కేవలం చూపు కోసం గేమ్‌లో పడిన శ్రమకు తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

జపాన్‌లో తైతో సంస్థకు తోమోహిరో నిషికాదో రూపొందించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ 1978లో వచ్చింది. తెరమీద 55 గ్రహాంతర జీవులు బారులు తీరి దిగివస్తాయి. వాటన్నిటినీ ఒకేసారి కదిలించే శక్తి ఆ యంత్రానికి లేదు కాబట్టి ఒకదాని తర్వాత ఒకటిగా కదుపుతుంది. కొన్ని చచ్చిపోయాక మిగిలినవాటి వంతు త్వరగా వస్తుంది, గుంపు వేగం పుంజుకుంటుంది. యంత్రం లోపం వల్ల పుట్టిన ఈ ఉద్వేగాన్ని నిషికాదో సరిదిద్దకుండా ఉంచేశాడు. ఆట నడక అంతా దానిమీదే నిలబడింది.

ఇంటి టీవీకి తగిలించుకునే ఆట యంత్రాల్లో పేదరికం ఇంకా ఎక్కువ. 1977లో అమెరికాలో విడుదలైన అటారీ 2600లో పని చేసుకోవడానికి ఉన్న జ్ఞాపకశక్తి 128 బైట్లు. తెరమీది బొమ్మను పూర్తిగా దాచుకునే చోటే అందులో లేదు. టీవీలో ఎలక్ట్రాన్ పుంజం ఎడమ నుంచి కుడికి గీతలు గీస్తూ పైనుంచి కిందికి దిగుతుంది. పుంజం ఒక్కో గీత మీదికి వచ్చేసరికి, అక్కడ ఏ రంగు పడాలో ప్రోగ్రామ్ చెప్పి తీరాలి. ఒక గీత పూర్తయ్యేలోపు ప్రాసెసర్‌కు దొరికేది 76 చక్రాల సమయం. అందులో పట్టేది గుప్పెడు ఆదేశాలే. యంత్రం నేరుగా గీయగలిగింది ఇద్దరు ఆటగాళ్ల ఆకారాలు, రెండు గుళ్లు, ఒక బంతి, వెనక మోటైన నేపథ్యం. అంతకు మించి కనిపించిందంటే పుంజం కిందికి దిగుతుండగానే ప్రోగ్రామర్ అదే ఆకారాన్ని చెరిపి, కొత్త వేషం వేయించి మళ్లీ తెరమీదకు పంపాడన్నమాట. డేవిడ్ క్రేన్ 1982లో చేసిన ‘పిట్‌ఫాల్!’ ఈ యంత్రం మీదే 255 తెరల అడవిని చూపించింది. కార్ట్రిజ్ పరిమాణం 4 కిలోబైట్లు. అన్ని తెరల వివరాలు అందులో పట్టవు. ఒక్క బైటును ఒక సూత్రం ప్రకారం మార్చుకుంటూ పోతే చెట్లు, గోతులు, మొసళ్లు ఎక్కడ ఉండాలో అదే చెబుతుంది. ఎడమకు వెనుదిరిగితే సూత్రం కూడా వెనక్కి నడుస్తుంది.

నింటెండో ఫామికామ్ 1983లో జపాన్‌లో వచ్చాక ఇంటి ఆటల రూపురేఖలు మారాయి. అందులో తెర అంతా నిలువునా అడ్డంగా ఎనిమిదేసి పిక్సెళ్లున్న చిన్న పలకలతో అమరుతుంది. పాత అచ్చాఫీసులో సీసపు అక్షరాలను పేర్చినట్టు, ఉన్న పలకలనే తిప్పి తిప్పి వాడుకోవాలి. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది. అందులో ఆకాశంలోని మబ్బు, నేలమీది పొద ఒకే బొమ్మ. రంగు మాత్రమే వేరు. కోట్లమంది ఆడారు, చాలామందికి ఏళ్ల తరబడి ఆ సంగతి తట్టలేదు. మారియో వేషం వెనకా ఇలాంటి లెక్కే ఉంది. 1981లో ‘డాంకీ కాంగ్’ కోసం షిగెరు మియమోతో అతన్ని గీసినప్పుడు, దొరికిన కొద్ది పిక్సెళ్లలో జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టాడు, నోరు గీయకుండా తప్పించుకోవడానికి మీసం పెట్టాడు. ఆ టోపీ మీసాలే తర్వాత ప్రపంచమంతా గుర్తుపట్టే ఆనవాళ్లయ్యాయి. ఫామికామ్‌లో ఒకే అడ్డ గీతమీద ఎనిమిదికి మించి కదిలే బొమ్మలు నిలవవు. తొమ్మిదోది వస్తే ఏదో ఒకటి మాయం కావాలి. ఎప్పుడూ ఒకటే మాయం కాకుండా ప్రోగ్రామర్లు వంతులవారీగా మాయం చేసేవారు. ఆ కాలపు ఆటల్లో బొమ్మలు మిణుకు మిణుకుమనడానికి కారణం అదే.

రంగులు, వివరాలు పెంచడం ఒక దారి అయితే, కదలికను నమ్మించడం మరో దారి. జోర్డాన్ మెక్‌నర్ ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ కోసం తన తమ్ముడు పరిగెత్తడం, దూకడం, గోడ పట్టుకుని వేలాడడం వీడియో తీసి, ఒక్కో ఫ్రేమునూ చూసి గీశాడు. కత్తియుద్ధానికి ఎర్రోల్ ఫ్లిన్ నటించిన 1938 నాటి రాబిన్ హుడ్ సినిమా దృశ్యం ఆధారం. 1989లో ఆపిల్ 2 మీద విడుదలైన ఈ ఆటలో పాత్ర ముఖమే సరిగ్గా కనిపించదు. అయినా అంచున తడబడి నిలదొక్కుకునే తీరు చూసినవాళ్లకు అది బతికున్న మనిషిలాగే అనిపించింది. ఆ కదలికలతోనే మెమరీ నిండిపోయి, శత్రువుకు మరో ఆకారం గీయడానికి చోటు మిగల్లేదు. అప్పుడు రాకుమారుడి బొమ్మనే కొద్దిగా పక్కకు జరిపి, తనమీద తననే వేసి, రంగులు తారుమారు చేస్తే మెరుస్తున్న నీడలాంటి మనిషి తయారయ్యాడు. కథలో అద్దంలోంచి దూకి రాకుమారుణ్ని వెంటాడే పాత్ర అలా పుట్టింది. కథకుడు కూర్చుని ఆలోచించినా అంతకంటే మంచి శత్రువు దొరికేవాడు కాదేమో.

అదే కాలంలో ఐబీఎం పీసీలు ఆఫీసు లెక్కలకే తప్ప ఆటలకు పనికిరావన్న మాట ఉండేది. తెరను నున్నగా పక్కకు జరపడం కూడా వాటికి చేతకాదు. లూసియానాలోని సాఫ్ట్‌డిస్క్‌లో పనిచేస్తున్న జాన్ కార్మాక్ 1990లో దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు: తెర జరిగినా చాలా పలకలు మునుపటిలాగే ఉంటాయి, మారినవాటినే గీస్తే చాలు. ఆ పద్ధతితో అతను, తోటివారు ‘సూపర్ మారియో బ్రదర్స్ 3’ మొదటి అంకాన్ని పీసీ మీద నడిపి నింటెండోకు పంపారు. నింటెండో వద్దంది. ఆ ఉపాయమే ఆ ఏడాది డిసెంబరులో ‘కమాండర్ కీన్’ అయింది, ఆ బృందమే తర్వాత ఐడీ సాఫ్ట్‌వేర్ అయింది.

ఈ సంస్థ చేసిన మూడు ఆటలను వరసగా చూస్తే లెక్క తప్పించుకునే కళ ఎలా ఎదిగిందో తెలుస్తుంది. 1992 మేలో వచ్చిన ‘వుల్ఫెన్‌స్టైన్ 3డీ’లో ఆటగాడు కోట నడవల్లో పరుగెడుతున్నట్టు ఉంటుంది. లోపల ఉన్నది గళ్ల కాగితం మీద గీసిన పటం. తెరలోని ఒక్కో నిలువు వరసకు ఒక్క కిరణాన్ని పటం మీదికి వదులుతారు. అది ఎంత దూరంలో గోడకు తగిలితే ఆ వరసలో గోడ అంత పొట్టిగా కనిపిస్తుంది. వేల పిక్సెళ్ల బదులు సుమారు 300 వరసలకు లెక్క కడితే చాలు. గోడలన్నీ ఒకే ఎత్తు, అన్నీ లంబకోణాల్లోనే, నేలకూ కప్పుకూ ఒట్టి రంగు. రెండు నెలల ముందే వచ్చిన ‘అల్టిమా అండర్‌వరల్డ్’లో ఏటవాలు నేలలు, టెక్స్చర్ (ఉపరితలం మీద అతికించే చిత్రం) ఉన్న పైకప్పులు కూడా ఉన్నాయి. చిత్రరచనగా చూస్తే అదే గొప్పది. కానీ దాని చిత్రం చిన్న కిటికీలో, నెమ్మదిగా కదిలేది. వేగం చూసి జనం వుల్ఫెన్‌స్టైన్ వైపు మొగ్గారు.

1993 డిసెంబరు 10న వచ్చిన ‘డూమ్’లో గోడలు ఏ కోణంలోనైనా ఉండవచ్చు, నేల ఎత్తుపల్లాలుగా ఉండవచ్చు, దూరం పోయేకొద్దీ చీకటి చిక్కబడుతుంది. ఏ గోడ ముందు, ఏ గోడ వెనక అన్న ప్రశ్నకు ఆట నడుస్తుండగా జవాబు వెతికితే ఆలస్యమవుతుంది. అందుకని పటాన్ని ముందుగానే ముక్కలు చేసి ఒక వృక్షంలా అమర్చి ఉంచారు. ఫుక్స్, కెడెమ్, నేలర్ అనే పరిశోధకులు 1980లో ప్రచురించిన పద్ధతి అది. పదేళ్లకు పైగా విద్యాపత్రికల్లో ఉన్నదాన్ని కార్మాక్ వినోదంలోకి దించాడు. రాక్షసుల్లో కొందరిని మట్టితో చేసి, చుట్టూ తిప్పుతూ ఫోటోలు తీసి తెరకెక్కించారు. ఒక గదిమీద మరో గది ఉండటం మాత్రం డూమ్‌లో కుదరదు. అది లోపల ఇంకా పటమే.

1996 జూన్‌లో ‘క్వేక్’ ఆ చివరి అడ్డు కూడా తీసేసింది. గదిమీద గది, తలెత్తి చూస్తే కప్పు, అన్నీ నిజమైన మూడు కొలతల బహుభుజాలు. గోడల మీది వెలుగునీడలను ముందే లెక్కించి పెట్టుకోవడం వల్ల దీపం కింద మసక కాంతి అంత నిజంగా పరుచుకుంది. గోడ చిత్రం దూరాన్ని బట్టి సరిగ్గా కుదించుకుపోవాలంటే ప్రతి పిక్సెల్‌కూ ఒక భాగహారం చేయాలి. మైఖేల్ అబ్రాష్, కార్మాక్ దాన్ని 16 పిక్సెళ్లకు ఒకసారి మాత్రమే చేయించారు. ఆ భాగహారాన్ని పెంటియం చిప్‌లోని ఒక భాగం చూసుకుంటుండగా మరో భాగం పిక్సెళ్లు గీస్తుండేది. ఈ జోడుపని రాని చౌక చిప్‌ల మీద క్వేక్ ఈడ్చుకుంటూ నడిచేది. ఒక ఆట కోసం ప్రాసెసర్ మార్చుకోవడం చాలామందికి అలా మొదలైంది.

పీసీల్లో ఇది సాగుతుండగా ఆట యంత్రాలు వేరే బాట పట్టాయి. 1994 చివర జపాన్‌లో వచ్చిన ప్లేస్టేషన్ త్రిభుజాలను వేగంగా గీసేది గానీ టెక్స్చర్లకు దూరపు లెక్క వేసేది కాదు. అందుకే దాని ఆటల్లో నేల మెలికలు తిరిగినట్టు, గోడలు వణికినట్టు ఉంటాయి. నాటీ డాగ్ సంస్థలో ఆండీ గేవిన్ బృందం 1996 నాటి ‘క్రాష్ బాండికూట్’ కోసం ఈ బలహీనతను తెలివిగా పక్కన పెట్టింది. నాయకుడి శరీరంలో 512 బహుభుజాలు. అవి తెరమీద ఎంత చిన్నవంటే వాటికి టెక్స్చర్ అతికించినా కనిపించదు. చాలావరకు ఒట్టి రంగులే వేశారు, వణుకు కూడా తప్పింది. దారి సన్నని నడవలా ఉండటం వల్ల ఎక్కడ నిలబడితే ఏవి కనిపిస్తాయో సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాల మీద ముందే లెక్కగట్టి డిస్క్‌లో పెట్టారు. 1999 నాటి ‘సైలెంట్ హిల్’ మరో దారి చూసుకుంది. దూరపు వీధులను గీసే శక్తి లేక పట్టణమంతా పొగమంచు కమ్మించారు. భయానికి అంతకంటే మంచి వాతావరణం మరొకటి లేదు.

లెక్కల భారం క్రమంగా ప్రత్యేక చిప్‌ల మీదికి మారింది. 1996లో 3డీఎఫ్ఎక్స్ వూడూ కార్డు వచ్చింది; మరుసటి ఏడాది దానిమీద క్వేక్ చూసినవాళ్లకు అది వేరే ఆటలా ఉంది. ఎన్విడియా 1999లో జీఫోర్స్ 256ను జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) పేరుతో అమ్మింది. 2001 నుంచి వచ్చిన చిప్‌లలో ప్రతి పిక్సెల్ ఎలా మెరవాలో ప్రోగ్రామర్లే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి చెప్పగలిగారు. నీరు నీరులా, చర్మం చర్మంలా కనిపించడం అక్కడే మొదలు.

ఆ దశకు శిఖరం జర్మనీలోని క్రైటెక్ 2007 నవంబరులో విడుదల చేసిన ‘క్రైసిస్’. దీన్ని పూర్తి హంగులతో నున్నగా నడపగల ఇంటి కంప్యూటర్ ఆనాడు దాదాపు లేదు. కొత్త కంప్యూటర్ కొన్నవారిని ‘క్రైసిస్ ఆడుతుందా?’ అని అడగడం ఆటగాళ్లలో సామెతగా మారింది. విచిత్రంగా, ఆ ఆట మిగిల్చిన ఆస్తి ఒక పొదుపు మార్గం. మూలల్లో, ఆకుల కింద వెలుగు సరిగ్గా చేరదు, అక్కడ మసక నీడ ఉండాలి. దాన్ని నిజంగా లెక్కిస్తే ఆట ఆగిపోతుంది. క్రైటెక్ ప్రోగ్రామర్ వ్లదిమిర్ కాజలిన్ ఒక్కో పిక్సెల్ చుట్టుపక్కల పిక్సెళ్లు ఎంత లోతులో ఉన్నాయో చూసి, దాన్నిబట్టి నీడను అంచనా కట్టే పద్ధతి రాశాడు. ఎస్ఎస్ఏఓ అనే ఆ పద్ధతి కొద్ది ఏళ్లలోనే పెద్ద ఆటలన్నిటిలోకీ పాకింది.

నిజంలా ఉండటమే గొప్పతనమా అన్న వాదన కూడా ఈ దశలోనే లేచింది. నింటెండో 2000లో ‘జెల్డా’ పాత్రలను వాస్తవికంగా చూపిన నమూనా ప్రదర్శించి, మరుసటి ఏడాది కార్టూన్ బొమ్మల్లాంటి రూపం బయటపెట్టింది. అభిమానులు మండిపడ్డారు. 2002 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన ఆ ‘విండ్ వేకర్’ అలలు, పొగ చుట్టలు, పెద్ద కళ్లు ఇప్పటికీ పాతబడలేదు. ఆ కాలంలోనే నిజంలా ఉన్నాయని మెప్పు పొందిన ఆటల్లో చాలావాటి ముఖాలు ఇప్పుడు మైనపు బొమ్మల్లా కనిపిస్తాయి.

కాంతి కిరణాలను ఒక్కొక్కటిగా వెంబడించి చిత్రం గీయడం ఆటలకు చాలాకాలం అందని పండు. టర్నర్ విటెడ్ 1980లో ప్రచురించిన గాజు గోళాల చిత్రానికి అప్పటి కంప్యూటర్ గంటకు పైగా తీసుకుంది. 2018లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డులు, ఆ నవంబరులో ‘బాటిల్‌ఫీల్డ్ 5’ వచ్చాక నీటి గుంటల్లో, కారు అద్దాల్లో నిజమైన ప్రతిబింబాలు కనిపించాయి. అక్కడా పొదుపే. ఒక్కో పిక్సెల్‌కు వదిలే కిరణాలు కొన్నే. వాటితో వచ్చే చుక్కలచుక్కల చిత్రాన్ని మరో ప్రోగ్రామ్ నున్నగా చేస్తుంది. అదే ఏడాది మొదలైన డీఎల్‌ఎస్‌ఎస్ పద్ధతి చిత్రాన్ని తక్కువ పిక్సెళ్లలో గీసి, మిగిలినవి ఎలా ఉంటాయో శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్క్ చేత ఊహింపజేస్తుంది. 4కే తెరకు 80 లక్షలకు పైగా పిక్సెళ్లు కావాలి, అందులో నాలుగో వంతు గీస్తే సరిపోతుంది. 2022లో వచ్చిన మూడో రూపం రెండు ఫ్రేముల నడుమ ఒక ఫ్రేమును పూర్తిగా ఊహించి పెడుతుంది. రెండూ కలిపి వాడితే తెరమీది ప్రతి ఎనిమిది పిక్సెళ్లలో ఆట స్వయంగా గీసేది ఒక్కటే.