ఇస్నోఫిలియా వైద్యం: ఆరోగ్యవరం నుంచి అన్నవాహిక దాకా

ఇయోసినోఫిల్ తెల్ల రక్తకణాల్లో ఒక రకం. ఇయోసిన్ అనే ఎర్ర రంగును పీల్చుకునే ఈ కణాన్ని 1879లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ వర్ణించాడు. నులిపురుగులు, ఎలర్జీలు ఉన్నప్పుడు వీటి సంఖ్య పెరుగుతుంది. తెలుగువాళ్లు వాడుకలో ఇస్నోఫిలియా అనేది ఈ పెరుగుదలనే. దాని వైద్యం ఎనభై ఏళ్లలో విషప్రాయమైన మందు నుంచి మింగే స్టెరాయిడ్ దాకా నడిచింది. ఆ నడకలో తొలి అడుగులు కొన్ని హోసూరు, కృష్ణగిరి ప్రాంతానికి దగ్గర్లోనే పడ్డాయి.

ఈ రెండు ఊళ్లూ 1965 దాకా సేలం జిల్లాలో ఉండేవి. తర్వాత ధర్మపురి జిల్లాలో చేరాయి. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి వేరే జిల్లా అయింది. తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించే ఈ సీమకు ఉత్తరాన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి, తూర్పున వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఉన్నాయి. సూటిగా కొలిస్తే ఆరోగ్యవరం ఇక్కడికి నూట ఇరవై కిలోమీటర్లకు మించదు.

ఆరోగ్యవరానికి క్షయ అనుమానంతో వచ్చినవాళ్లలో కొందరి తీరు వేరుగా ఉండేది. రాత్రిళ్లు దగ్గు, ఆయాసం; ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలు. కళ్లెలో మాత్రం క్షయ క్రిములు దొరికేవి కావు. రక్తం చూస్తే ఇయోసినోఫిల్స్ విపరీతంగా ఉండేవి. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్, ఆయన సహచరుడు బార్టన్ 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో దీన్ని క్షయను పోలిన వేరే జబ్బుగా వివరించారు. 1943లో వైన్‌గార్టెన్ లాన్సెట్ పత్రికలో దీనికి ఉష్ణమండల ఇయోసినోఫిలియా అని పేరు పెట్టాడు. అప్పట్లో పనిచేసిన మందు ఆర్సెనిక్ ఇంజెక్షన్. జబ్బు తగ్గేది కానీ మందే ప్రమాదకరం.

ఆ బెడద తీర్చిన మందు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి 1947లో వచ్చింది. అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బోదకాలు పురుగు మీద పనిచేసే ఆ డైఇథైల్ కార్బమజైన్ హెట్రజాన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. ఆ మందుకే ఈ దగ్గు కూడా తగ్గడంతో రెండింటికీ మూలం ఒకటేనన్న అనుమానం బలపడింది. 1960లో వేలూరు వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్ ఇలాంటి రోగుల ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, లింఫు గ్రంథుల్లో బోదకాలు జాతి పురుగు పిల్లలను చూపించి దాన్ని రుజువు చేశారు.

పురుగుతో పని లేకుండా ఇయోసినోఫిల్స్ పేరుకునే జబ్బులకు దారి వేరు. 1948లో కీళ్లవాతానికి తొలిసారి వాడిన కార్టిజోన్ 1950లో నోబెల్ బహుమతి తెచ్చింది. ఈ జాతి స్టెరాయిడ్లు ఇయోసినోఫిల్స్‌ను త్వరగా అణచివేస్తాయి. చాలాకాలం మాత్రలుగా మింగితే ఎముకలు గుల్లబారతాయి, చక్కెర పెరుగుతుంది, పిల్లల ఎదుగుదల కుంటుపడుతుంది. అందుకే జబ్బున్న చోటికే మందు చేర్చే పద్ధతి వెతికారు. 1972లో వచ్చిన బెక్లోమెథాసోన్ ఇన్‌హేలర్ ఉబ్బసంలో ఆ పని చేసింది.

అన్నవాహికలో ఇయోసినోఫిల్స్ చేరే జబ్బు 1978 నుంచే వైద్య పత్రికల్లో కనిపించినా, 1993లో అమెరికాలో ఆట్‌వుడ్, 1994లో స్విట్జర్లాండ్‌లో స్ట్రౌమన్ దాన్ని ప్రత్యేక వ్యాధిగా నిలబెట్టారు. ముద్ద దిగకపోవడం, మాంసం ముక్క మధ్యలో ఇరుక్కోవడం పెద్దవాళ్లలో ముఖ్య లక్షణాలు. రక్తపరీక్ష మామూలుగానే ఉండవచ్చు. ఎండోస్కోపీలో తీసిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే, ఒక్క దృశ్యక్షేత్రంలో 15 లేదా అంతకు మించి ఇయోసినోఫిల్స్ కనిపించాలి.

1998లో అమెరికా వైద్యులు ఉబ్బసానికి వాడే ఫ్లూటికాసోన్‌ను పీల్చకుండా మింగించి, నలుగురు పిల్లల్లో గుణం చూశారు. తర్వాతి దశాబ్దంలో బుడెసోనైడ్ ద్రవాన్ని తియ్యని చిక్కటి పదార్థంతో కలిపి ఇవ్వడం మొదలైంది. చిక్కదనం వల్ల మందు గొట్టం గోడకు ఎక్కువసేపు అంటుకుంటుంది. అందుకే మింగాక అరగంట సేపు ఏమీ తినకూడదు, తాగకూడదు. పేగుల నుంచి రక్తంలోకి వెళ్లే భాగాన్ని కాలేయం చాలావరకు విరిచేస్తుంది కాబట్టి శరీరమంతటా దుష్ఫలితాలు తక్కువ. నోట్లో, అన్నవాహికలో శిలీంధ్రం పెరగడం మాత్రం కొందరిలో కనిపిస్తుంది. 2018లో ఐరోపా సమాఖ్య నోట్లో కరిగే బుడెసోనైడ్ మాత్రను, 2024 ఫిబ్రవరిలో అమెరికా బుడెసోనైడ్ ద్రవాన్ని ఈ జబ్బుకే ప్రత్యేకంగా అనుమతించాయి.

రెండు జబ్బుల్లోనూ కణం ఒకటే, మందులు మాత్రం వేరు. ఊపిరితిత్తుల జబ్బుకు హెట్రజాన్ మూడు వారాలు వాడాలి. అన్నవాహిక జబ్బుకు అది పనికిరాదు. పొట్టలో స్ట్రాంజిలాయిడ్స్ పురుగు ఉందేమో చూడకుండా స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే ప్రాణం మీదికి రావచ్చు. రక్తంలో అంకె పెరిగిందని కాక, పెరుగుదలకు మూలమేమిటో, కణాలు ఎక్కడ చేరాయో తేల్చుకుని మందు ఇవ్వడమే సరైన వైద్యం. అన్నవాహిక జబ్బులో స్టెరాయిడ్ ఆపేస్తే చాలామందిలో జబ్బు తిరగబెడుతుంది కాబట్టి వైద్యుల పర్యవేక్షణ కొనసాగాలి.