పరిహార చట్టంలో గుండెపోటు

కార్మిక నష్టపరిహార చట్టాలు యంత్రాల్లో నలిగిన వేళ్లనూ విరిగిన కాళ్లనూ దృష్టిలో పెట్టుకుని పుట్టినవి కాబట్టి, పైకి గాయమేదీ కనిపించని గుండెపోటు వాటిలో ఇమడడం మొదటినుంచీ కష్టమైంది. బ్రిటన్ 1897లో చేసిన చట్టమూ, ఆ బాటలోనే భారతదేశంలో 1923లో రూపొంది 1924 జూలై 1 నుంచి అమలైన వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టమూ, ప్రమాదం ఉద్యోగంలో ఉండగా జరగడమే కాక ఆ ఉద్యోగం కారణంగానే జరిగి ఉండాలన్నాయి. మొదటి విషయాన్ని చాలావరకు హాజరు పట్టీయే తేలుస్తుంది; వివాదమంతా రెండోదాని చుట్టూనే నడిచింది.

ఈ చిక్కుకు తొలి సమాధానాల్లో ఒకటి 1910లో బ్రిటన్‌లో వచ్చింది. స్పానరుతో నట్టు బిగిస్తుండగా ఒక కార్మికుడికి బృహద్ధమనిలోని అన్యూరిజం, అంటే బలహీనపడిన రక్తనాళపు గోడలో ఏర్పడిన ఉబ్బు, పగిలి ప్రాణం పోయింది. వ్యాధి నిద్రలోనైనా చంపగలిగేంత ముదిరి ఉన్నప్పటికీ, ఆ క్షణాన ఉబ్బు పగలడానికి పనిలోని శ్రమ తోడైంది గనుక పరిహారం చెల్లించవలసిందేనని, ఆనాటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ మెజారిటీతో తీర్పు చెప్పింది. అంతకుముందే రోగం ఉండడం హక్కుకు అడ్డు కాదని దీనితో స్థిరపడింది గాని, ఆ శ్రమ కంటికి కనిపించే కండరాల శ్రమ.

కంటికి కనిపించని ఒత్తిడి మాటేమిటన్న ప్రశ్న నెల్లూరు థర్మల్ విద్యుత్ కేంద్రపు స్విచ్‌బోర్డు ఆపరేటరు మరణంతో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మృతుడికి అప్పటికే ఛాతీ జబ్బు ఉందనీ, స్విచ్చులు వేయడం, తీయడం తప్ప వేరే పని లేదు గనుక ఒత్తిడికి తావు లేదనీ చెప్పిన సాక్ష్యాన్ని 2006లో ఆ న్యాయస్థానం అంగీకరించి, కుటుంబం అప్పీలును తోసిపుచ్చింది. సాక్ష్యాన్ని బట్టి ఆ తీర్పును తప్పుపట్టడం కష్టమే అయినా, చేతి కదలికను బట్టి మనసు భారాన్ని తూచే పద్ధతి మాత్రం అరకొరది. స్విచ్చు ముందు కూర్చున్నవాడి అప్రమత్తత ఆ తూకంలోకి రాదు.

ఆరేళ్ల తరువాత ఢిల్లీ నుంచి జార్ఖండ్‌లోని నిమియాఘాట్ దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీ నడిపి, అస్వస్థతతో బండిని రోడ్డు పక్కన నిలిపి, కుప్పకూలి మరణించిన డ్రైవరు విషయంలో అదే న్యాయస్థానం దూరప్రయాణపు ఒత్తిడిని గుర్తించి కుటుంబానికి పరిహారం ఇప్పించింది. ఇక్కడ కిలోమీటర్లే సాక్ష్యం చెప్పాయి. బల్ల ముందరి ఉద్యోగానికి అలాంటి కొలత లేదు. 1923 నాటి చట్టం స్థానంలోకి తెచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతి కూడా పాత షరతునే నిలుపుకుంది. అందులోని వృత్తి వ్యాధుల పట్టికలో గుండెపోటు లేదు, దానికి పనే కారణమని రుజువు చేయవలసిన బాధ్యత మృతుడి కుటుంబానిదే.